బేస్ గిటారు ధ్వనిపేటికయు వేదికపై స్వశ్రవణమును

బేస్ గిటారు తీగలయందు పుట్టిన కంపనము విద్యుద్రూపమును దాల్చి, ఆంప్లిఫయరులో బలము పుంజుకొని, మరల గాలికదలికగా మారి వెలువడు సాధనమునకు ధ్వనిపేటిక యని పేరు. ఒకటియో అంతకు మించియో స్పీకర్లను, వానిని బిగించిన కొయ్యపెట్టెను కలిపి చెప్పు ఈ మాటకు ఆర్కెస్ట్రావారి వాడుకలో బాక్సు అను పలుకే చాలును. వాదకుడు తన వ్రేళ్లనుండి వెడలిన స్వరమును తానే ఆ క్షణమున స్పష్టముగా వినగలుగుట స్వశ్రవణము. ఇది లోపించినచో శ్రుతి చెదరును, తాళము జారును, వ్రేళ్లు అక్కరకు మించి తీగను మొత్తును; ప్రక్కనున్నవారి చెవులు దిమ్మెక్కునంతటి మోత మ్రోగుచున్నను, ఆ మోతకు కర్తయైన వాదకునికి మాత్రము తాను మీటినది ఏ స్వరమో తెలియని విపరీతస్థితి యొకటి ఏర్పడును. దీనికి శక్తి చాలకపోవుటయే కారణమని తలచి వాట్లను పెంచుచు పోవుట పరిపాటి. విచారించి చూడగా, ఈ లోపము చాలవరకు పేటిక యాకృతివలనను, అది నిలిచిన చోటువలనను, దానికిని చెవికిని నడుమనున్న కోణమువలనను కలుగునదే గాని శక్తిలేమివలన కలుగునది కాదు. మంద్రధ్వని వేదికయంతటను తనంత తానే నిండును. ఆ ధ్వనికి ముఖము, పేరు, హద్దు కల్పించు పై కంపనములే త్రోవ తప్పి వాదకుని మోకాళ్లప్రక్కగా సాగిపోవును.

బుర్రనుండి బాక్సునకు

ఈ విషయమును, కిన్నెర మ్రోగు పాలమూరి సీమలోని అమరచింతవంటి యూరినుండి ఆరంభించుట అసందర్భము కాదు. ఆత్మకూరు రాజధానిగా వర్ధిల్లిన సంస్థానమునకు తన పేరిచ్చి, కృష్ణానదికిని జూరాల ఆనకట్టకును చేరువలో, మగ్గముల చప్పుడు నడుమ పెరిగిన ఈ పట్టణము ఇప్పుడు వనపర్తి జిల్లాలోనిది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలను కలిపి జనులు నేటికిని పాలమూరనియే పిలుతురు. ఈ పాలమూరి జానపద వాద్యములలో కిన్నెర విశిష్టమైనది. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్యగారు 12 మెట్ల కిన్నెరను వాయించుచు పండుగ సాయన్న మొదలగువారి కథలను గానము చేసి, 2022లో పద్మశ్రీ పురస్కారమును పొందిరి. వెదురుదండము, దానిపై మెట్లు, దండమునకు వ్రేలాడు ఎండిన సొరకాయ బుర్రలు ఈ వాద్యమునకు ప్రధానాంగములు. తీగ సన్నని వస్తువు. అది ఎంత ఊగినను గాలిని కోసికొని పోవునే గాని దానిని నెట్టజాలదు. ఆ యూపు దండమునుండి బుర్రకు దిగి, బుర్రగోడలను, వానిలోని గాలిని కదల్చినపుడే వినదగిన నాదము పుట్టును. కావున బుర్రయే కిన్నెరకు ధ్వనిపేటిక. అది వాదకుని దేహమును ఆనుకొని, చెవికి రెండు మూరల దూరమునకు మించకుండ ఉండును. తాను వినుటకును ఎదుటివారు వినుటకును ఒకే బుర్ర, ఒకే నాదము. మెట్టుపై వ్రేలు ఒకింత తొలగినచో ఆ దోషము మొట్టమొదట తెలియునది వాదకునికే.

వీణయందును ఇట్లే. బొబ్బిలిలో ఒకే పనసమానునుండి తొలిచి తీయు వీణ కుండ వైణికుని ఒడిచెంతనే ఉండును. పాశ్చాత్యుల నిలువెత్తు డబుల్ బేస్ సయితము వాదకుని భుజమునకును నడుమునకును ఆనుకొనియుండును గనుక, చెవికి అందని దానిని ఒడలు గ్రహించును. 1951లో కాలిఫోర్నియాయందు లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ అను పేర విక్రయమునకు తెచ్చిన వాద్యముతో ఈ చిరకాలబంధము తెగిపోయినది. దాని దేహము గట్టి కొయ్యపలక. లోన గాలిగది లేదు, కంపనమును నాదముగా పెంచు బుర్ర లేదు. బుర్ర వాద్యమును వీడి, మూడు నాలుగు మీటర్ల వైరు చివరకు పోయి, వాదకుని వెనుక నేలపై కూర్చున్నది. చేయి ఒకచోట, నాదము వేరొకచోట. స్వశ్రవణ సమస్య యంతయు ఈ ఎడబాటునుండి పుట్టినదే యని నా యభిప్రాయము.

మంద్రస్వరమును చెవి పోల్చుకొను విధము

నాలుగు తీగల బేస్ గిటారున అన్నిటికంటె లావైన ఇ తీగ సెకనుకు 41 మారులు, ఎ తీగ 55 మారులు, డి తీగ 73 మారులు, జి తీగ 98 మారులు కంపించును. అయిదవ తీగ గల వాద్యములలో బి తీగ కంపనసంఖ్య 31 మాత్రమే. గాలిలో ధ్వనివేగము 20 డిగ్రీల వేడిమియందు సెకనుకు 343 మీటర్లు గాన, ఇ తీగ తరంగదైర్ఘ్యము 8 మీటర్ల 30 సెంటీమీటర్లగును. పాలమూరి వేసవి 40 డిగ్రీలకు చేరినపుడు ధ్వనివేగము 355 మీటర్లకు పెరుగును గాని, తరంగము అందువలన ఒక జానెడున్నర సాగునంతే. లెక్కకు తప్ప చెవికి అది తెలియదు.

ఈ 8 మీటర్ల కొలతనుండియే వాదకులలో ఒక గట్టి అపోహ పుట్టినది. తరంగము పూర్తిగా విచ్చుకొనుటకు అంతటి దూరము కావలెననియు, బాక్సునకు సమీపమున నిలిచినవానికి అందువలననే మంద్రస్వరము వినబడదనియు పలువురు నమ్మియున్నారు. ఇది సత్యము కాదు. చెవి తరంగపు పొడవును కొలుచు సాధనము కాదు; తానున్న చోట గాలి యొత్తిడి క్షణక్షణమునకు ఎట్లు మారుచున్నదో దానినే గ్రహించును. అట్లు కాదేని, చెవికి అంటుకొని యుండు హెడ్‌ఫోనులో మంద్రస్వరమేదియు వినబడరాదు గదా! దూరముగా పోయినపుడు స్వరము తేటపడుట మాత్రము అనుభవసిద్ధమే. దాని కారణము కోణమునందున్నది, తరంగపు పొడవునందు లేదు. ముందు అది వివరింపబడును.

చెవి స్వభావమును కొంత తెలిసికొననిదే ఈ విషయము బోధపడదు. వేయి కంపనముల స్వరము నిశ్శబ్దమున చెవికి ఆనుటకు కొద్ది డెసిబెల్లులే చాలగా, 40 కంపనముల స్వరము ఆనుటకు ఇంచుమించు 50 డెసిబెల్లులు కావలయును. సమానబిగ్గరతా రేఖలను 1933లో ఫ్లెచర్, మన్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన నాటినుండి చెవికి గల ఈ పక్షపాతము అందరెరిగినదే. ఐనను బేస్ గిటారు వినబడుచునే యున్నది. ఏలయన, ఇ తీగ 41 కంపనముల ప్రాథమిక స్వరమును మాత్రమే గాక 82, 123, 165 మొదలగు అనుస్వరములను కూడ పలుకును. వీని వరుసను బట్టి మెదడు మూలస్వరమును తానే ఊహించుకొనును. మూలస్వరము బొత్తిగా లేకున్నను ఉన్నట్లే వినును. అరచేతిలో ఇముడు ట్రాన్సిస్టరు రేడియో స్పీకరు 41 కంపనములను పలుకజాలదు. అయినను దానిలో పాట విన్నవాడు బేస్ నడకను పోల్చుకొనగలుగుచున్నాడు. సాగరసంగమం (1983), గీతాంజలి (1989) వంటి చిత్రములకు ఇళయరాజా కూర్చిన పాటలలో బేస్ గిటారు పల్లవి వెంట మరియొక పాటవలె నడచుట చిన్న రేడియోలలో విన్న శ్రోతకును తెలిసినది ఈ అనుస్వరముల పుణ్యముననే.

దీనినుండి తేలు నిర్ణయము గొప్పది. వేదికపై వాదకునికి కావలసినది నేలను కంపింపజేయు 41 కంపనములు కావు. స్వరమును గుర్తుపట్టించు 150 మొదలు 1000 వరకు గల నడిమి కంపనములును, వ్రేలు తీగను తాకినపుడు పుట్టు చప్పుడును తెలుపు 1000 మొదలు 3000 వరకు గల పై కంపనములును అతనికి అవసరములు. బలమైన మంద్రధ్వని తనకంటె పై కంపనములను కప్పివేయును గాని, పై కంపనములు మంద్రమును అంత సులభముగా కప్పజాలవు. ఇది లోచెవి నిర్మాణమువలన కలుగు ధర్మము. కావున వినబడుటలేదని వాదకుడు బేస్ మీటను మరింత త్రిప్పినపుడు, తన స్వరపు స్పష్టతను తన స్వరమే మ్రింగివేయును. డ్రమ్ములవాడు మరింత గట్టిగా కొట్టును, కీబోర్డువాడు తన మీటను పెంచును, గాయకుడు గొంతు చించుకొనును. పాట నడుచుచుండగనే వేదికయంతయు పోటీ మోతగా మారును. జాతర వేదికలపై దీనిని పలుమారులు కన్నవాడను గనుక, మీటను పెంచకముందు బాక్సును కదల్చి చూడుడని వాదకులను వేడుకొనుచున్నాను.

పేటికల జాతులు

స్పీకరు కోను ముందునకు కదలినపుడు ముందరి గాలి నొక్కుకొనును, వెనుకటి గాలి పలుచనగును. పెట్టె లేనిచో ఈ రెండును అంచుచుట్టు తిరిగివచ్చి ఒకదాని నొకటి రద్దు చేసికొనును. వెనుకటి ధ్వనిని ఏమి చేయవలెనను ప్రశ్నకు లభించిన సమాధానములను బట్టియే పేటికలు జాతులుగా ఏర్పడినవి.

మూసిన పెట్టెలో ఆ ధ్వని బంధింపబడును. లోనిగాలి తీగచుట్టవలె కోనును వెనుకకు త్రోయుచుండుటచే కదలిక అదుపులో నుండును. ఒక హద్దుకు దిగువన ధ్వని అష్టకమునకు 12 డెసిబెల్లుల చొప్పున నెమ్మదిగా తగ్గును. మీటిన స్వరము త్వరగా మొదలై త్వరగా ఆగును గాన, వేదికపై ఇది మేలగు గుణము. రంధ్రము గల పెట్టెయందు వెనుకటి ధ్వనిని వృథాపోనీక, ఒక గొట్టముగుండ వెలికి తీసి ముందరి ధ్వనితో కలుపుదురు. సీసా మూతిపై ఊదినపుడు పుట్టు నాదమునకును దీనికిని మూలసూత్ర మొక్కటియే, హెల్మ్‌హోల్ట్జ్ అను జర్మను పండితుడు 19వ శతాబ్దమున వివరించిన గాలిగది అనునాదము. బెల్ ప్రయోగశాలకు చెందిన ఆల్బర్ట్ థూరాస్ దీనికై 1930లో దరఖాస్తు చేయగా 1932లో పేటెంటు లభించెను. అటుపై ఆస్ట్రేలియాయందు నెవిల్ థీల్ 1961లోను, రిచర్డ్ స్మాల్ 1970ల తొలిభాగమునను ప్రకటించిన గణితముచే, పెట్టె ఘనపరిమాణమును గొట్టపు కొలతలును ఊహపై గాక లెక్కపై నిర్ణయించుట సాధ్యపడినది. ఈ జాతి పేటికలో గొట్టము పలుకు హద్దువరకు మంద్రము పుష్కలముగా నుండి, ఆ పిమ్మట అష్టకమునకు 24 డెసిబెల్లుల చొప్పున జారిపోవును. చవకగా చేసిన పెట్టెలలో గొట్టపు అనునాదమును 60, 70 కంపనముల చెంత ఉబ్బునట్లు అమర్చుటచే ఏ స్వరము మీటినను ఒకే గుమ్మను మ్రోతగా వినబడును. శ్రోతకు అది బలమని తోచును, వాదకునికి మాత్రము ఏ మెట్టునకు ఏ స్వరమో తెలియకుండ చేయును.

చిన్న పెట్టె, లోతైన మంద్రము, కొద్ది శక్తికే గట్టి ధ్వని, ఈ మూటిలో రెంటినే కోరుకొనవచ్చుననియు మూడవదానిని వదలుకొనక తప్పదనియు చెప్పునది హాఫ్‌మన్ నియమము. బేస్ పేటికలు చేయువారు సాధారణముగా వదలుకొనునది లోతైన మంద్రమునే. పేరొందిన బాక్సులలో పెక్కు 50 కంపనములకు దిగువన సన్నగిల్లును. పైన చెప్పిన శ్రవణధర్మమువలన దీనిచే వాదకునికి నష్టమేమియు లేదు.

మడత హార్ను జాతి మరియొకటి. 1960ల చివర వెలువడిన అకౌస్టిక్ 360 ఇందులకు ప్రసిద్ధోదాహరణము. 18 అంగుళముల స్పీకరును పెట్టెలో వెనుకకు త్రిప్పి, దాని ధ్వనిని మడతలు పడిన దారిగుండ ముందునకు పంపు ఈ నిర్మాణము జాకో పాస్టోరియస్ వంటి మహావాదకుని చేతిలో కీర్తి గడించినది. ఇది దూరముననున్న శ్రోతలకు నిండుగా వినబడుచు దగ్గర నిలిచినవానికి తేలికగా తోచునని వాదకులలో ప్రతీతి. తరంగము విచ్చుకొనుటకు దూరము కావలెనను అపోహకు ఇటువంటి అనుభవములే బలము చేకూర్చినవి కాబోలు. మడతదారిలో మలుపు మలుపునకు పై కంపనములు క్షీణించుటచే సమీపమున స్వరపు అంచు కొరవడును. దీనికి వేరు రహస్యమును వెదుక నక్కరలేదు.

ధ్వని దిశ

స్వశ్రవణమునకు ఆయువుపట్టు ఇచ్చటనే యున్నది. స్పీకరు వ్యాసముకంటె తరంగము మిక్కిలి పొడవైనదగునపుడు ధ్వని, నీట రాయి వేసినప్పటి అలలవలె, అన్ని వైపులకు వ్యాపించును. తరంగము పొట్టిదగుకొలది టార్చిలైటు వెలుగువలె ముందునకే ఇరుకుగా సాగును. 15 అంగుళముల స్పీకరులో నిజముగ కదలు కోను వ్యాసము 33 సెంటీమీటర్ల ప్రాంతము. వేయి కంపనముల తరంగదైర్ఘ్యమును సుమారుగా అంతియే గాన, ఆపై ధ్వని ఇరుకుధారగా మారును. 10 అంగుళముల స్పీకరులో కోను వ్యాసము 21 సెంటీమీటర్ల లోపల ఉండును. దీనికి ఆ హద్దు 1600 కంపనములు దాటిన పిదప వచ్చును. 15 అంగుళములు లోతుకును, 10 అంగుళములు వేగమునకును అను వాడుకమాటలో సత్యము కొంతయే. లోతు పెట్టె లెక్కను బట్టి యుండును. చిన్న కోనులో వేగముగా తోచునది, ప్రక్కన నిలిచినవాని చెవికిని పై కంపనములు అందుటయే.

ఇక కోణపు లెక్క. 60, 70 సెంటీమీటర్ల ఎత్తుగల పెట్టె నేలపై నున్నపుడు స్పీకరు నడిబొడ్డు నేలనుండి 40 సెంటీమీటర్ల ఎత్తున ఉండునని తలతము. నిలిచిన వాదకుని చెవి 160 సెంటీమీటర్ల ఎత్తున ఉండును. పెట్టెకు ఒక మీటరు దూరమున నిలిచినచో చెవి స్పీకరు మధ్యరేఖకు 50 డిగ్రీల పైన పడును; పై కంపనములు పిక్కలకును మోకాళ్లకును తగిలి పోవుచుండగా, కోణమును లెక్కచేయని మంద్రము మాత్రము చెవికి చేరును. నాలుగు మీటర్ల దూరమునకు పోయినచో ఆ కోణము 17 డిగ్రీలకు దిగును, స్వరము తేటపడును. దూరముననే బేస్ విచ్చుకొనునను నమ్మకమునకు నిజకారణ మిదియే. వేదిక ముందువరుసలోని శ్రోతకు తగినంతకంటె ఎక్కువగ, వెనుక నిలిచిన వాదకునికి తగినంతకంటె తక్కువగ వినబడుటయు ఇందువలననే.

మన భజనమండలులలోను, కచేరీలలోను వాదకుడు చాపపై కూర్చుండును. అప్పుడు చెవి నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తున నుండుటచే, అదే పెట్టె ఒక మీటరు దూరమున 20 డిగ్రీల లోపలనే పడును. కూర్చుండి వాయించు సంప్రదాయము తెలిసియో తెలియకయో ఈ చిక్కును ముందే తప్పించినది. నిలుచుండి వాయించు అలవాటు వచ్చిన పిమ్మటనే అది మనకును దాపురించినది.

స్పీకర్లను పేర్చు విధము కోణమంత ముఖ్యమైనది. 10 అంగుళముల స్పీకర్లు రెండింటిని ప్రక్కప్రక్కన అమర్చినపుడు వాని నడిబొడ్ల నడుమ 29 సెంటీమీటర్ల దూరముండిన, 1200 కంపనముల చెంత మధ్యరేఖకు ఇరువైపుల 30 డిగ్రీల తావున రెండు ధ్వనులును ఎదురుదశలో కలిసి వ్యతికరణముచే రద్దగును. వాదకుడు ఒక అడుగు అటు జరిగిన స్వరము వినబడును, ఇటు జరిగిన మాయమగును. అవే స్పీకర్లను ఒకదానిపై నొకటి నిలువుగ అమర్చినచో ఈ రద్దు నిలువుదిశకు మారును. అడ్డముగ ధ్వని విశాలముగ పరచుకొనును, పై స్పీకరు చెవికి చేరువగును. ఒకే వెల, ఒకే బరువు, ఒకే శక్తి. పెట్టెను ప్రక్కకు పరుండబెట్టక నిలువబెట్టుటచేతనే ఇంత భేదము కలుగును. నాలుగు స్పీకర్లను చదరముగ బిగించిన పెట్టె వేదికలపై మిక్కిలి వాడుకలో నున్నది గాని, నిలువుదోషమును అడ్డదోషమును రెండును దానియందే కూడియుండును. మోయుటకు అనుకూలమనుట తప్ప స్వశ్రవణదృష్టితో దానిని మెచ్చుకొనజాలను.

ఆంపెగ్ సంస్థవారు 1969లో వెలువరించిన 300 వాట్ల ఎస్.వీ.టీ. ఆంప్లిఫయరుతో జతగూడిన ఎనిమిది స్పీకర్ల పేటిక ఈ విచారమునకు చక్కని నిదర్శనము. అది నాలుగడుగుల ఎత్తు. రెండేసి చొప్పున నాలుగు వరుసలుగ 10 అంగుళముల స్పీకర్లు, వరుస వరుసకును వేరువేరుగ మూసిన గది. బరువు అరువది కిలోగ్రాములు దాటును. ఇరువురు పట్టనిదే కదలదు. దాని ప్రఖ్యాతికి బలమే హేతువని చెప్పుదురు. పైవరుస వాదకుని రొమ్మెత్తున నుండుటచే స్వరపు అంచు చెవికి నేరుగ అందుట అంతకు తీసిపోని హేతువని నేను తలతును. ఆ సంస్థ స్థాపకుడు ఎవరెట్ హల్ 1940లలో డబుల్ బేస్ కాలికొయ్యలోపల మైకును అమర్చు ఉపాయము కనిపెట్టినవాడు; ఆ ఉపాయమునకు ఆంగ్లమున చెప్పు ఆంప్లిఫైడ్ పెగ్ అను పదముల కుదింపునుండియే సంస్థకు పేరు కలిగినది. ఫెండరువారి బేస్‌మన్ ఆంప్లిఫయరు సయితము 1952లో ఒకే 15 అంగుళముల స్పీకరుతో మొదలై, కొద్ది యేండ్లకే నాలుగు 10 అంగుళముల స్పీకర్లకు మారినది.

పందిటి వేదిక

పెట్టె ఎంత చక్కనిదైనను అది నిలుచు తావు దానిలో సగము. పెట్టె వెడల్పు 60 సెంటీమీటర్లైనపుడు సుమారు 190 కంపనములకు దిగువన ధ్వని పెట్టెచుట్టును తిరిగి వెనుకకును పోవును. వెనుకగోడ పెట్టె ముఖమునకు ఒక మీటరు దూరమున నున్నచో, వెనుకకు పోయి తిరిగివచ్చు ధ్వని 2 మీటర్లు అదనముగ నడచి, 86 కంపనముల చెంత ముందరి ధ్వనిని చాలవరకు రద్దు చేయును. డి, జి తీగల నడుమనున్న స్వరములు అకస్మాత్తుగ నీరసించుటకు ఇది యొక కారణము. పెట్టెను గోడకు తాకునంతగ జరిపినచో రద్దు పై కంపనములకు పోవును. అచ్చట ధ్వని వెనుకకు అంతగా పోదు గాన దోషము తేలికపడును, గోడ పరావర్తనముచే మంద్రము కూడ బలపడును.

ఇచ్చట పాలమూరి అనుభవమును పేర్కొనవలెను. కుర్రవాండ్రు సాధన చేయునది ఇటుకగోడల గదిలో, నేల, వెనుకగోడ, మూల మూడును మంద్రమునకు బలమిచ్చుచుండగా. వాయించునది మాత్రము కార్తికమాసపు కురుమూర్తి జాతరవంటి సందర్భములలో, బయట, షామియానా క్రింద. గుడ్డ 41 కంపనములను గాని 98 కంపనములను గాని ఆపజాలదు. మంద్రధ్వనికి గుడ్డ ఉన్నను లేనట్లే. గదిలో రెండు మూడు వైపులనుండి లభించిన తోడు ఆరుబయట నేలకు మాత్రమే తగ్గిపోవును. నిన్న సాయంకాలము నిండుగ పలికిన బాక్సు నేడు బోలుగ పలికినచో అది చెడిపోయినదని అనుకొనరాదు. గోడలు లేవు, అంతియే. తోడుగ, పీపాలపై పరచిన పలకలవేదికయు, ట్రాక్టరు ట్రాలీపై కట్టిన వేదికయు తమకు తాము కంపించుచు ఏదో యొక స్వరమును మాత్రము ఉబ్బించును. పెట్టెక్రింద మందపాటి రబ్బరుగాని మడచిన గోనెసంచులుగాని పరచినచో ఆ కంపనము పలకలకు దిగుట తగ్గును.

బాక్సును గట్టి బల్లపై ఎక్కించుట అన్నిటికంటె సులభమైన ఉపాయము. స్పీకరు నడిబొడ్డు ఒక మీటరు ఎత్తునకు చేరి, వాదకుడు ఒకటిన్నర మీటరు దూరమున నిలిచినచో, కోణము 22 డిగ్రీలకు దిగును. అంతేగాక నేలపై పడి తిరిగివచ్చు ధ్వని నేరుగ వచ్చు ధ్వనితో 120 కంపనముల చెంత ఎదురుదశలో కలియుటచే, వేదికపై మోత పుట్టించు ఆ భాగము కొంత పలుచబడును. శ్రోతలకు ఇందువలన లోటు రాదు. వారు వినునది వేరు స్పీకర్లనుండి. బల్ల లేనిచో పెట్టె ముందరి అంచుక్రింద రెండు ఇటుకలు పెట్టి దాని ముఖమును వెనుకకు వాల్చి చెవివైపు త్రిప్పినను చాలును. వెనుక మంద్రముచేత చుట్టబడియున్న డ్రమ్ములవానికిని ఇది ఉపకరించును.

ఇతర సాధనములు

పెద్ద సభలలో బేస్ గిటారు స్వరము ఒక చిన్న డీ.ఐ. పెట్టెగుండ నేరుగ సభాధ్వని యంత్రమునకు పోవును. అపుడు వేదికపైని బాక్సునకు మిగులు పని వాదకునికి వినిపించుటయే. సభను నింపవలెనను తలంపుతో దాని మీటను పెంచుట అనవసరము. సభకై వేదికముందు నేలపై పెట్టు మహామంద్ర స్పీకర్లు వెనుకకును సమానముగ ధ్వనిని పంపును. మూడు మీటర్ల వెనుకనున్న వాదకునికి అది 9 మిల్లీసెకండ్ల ఆలస్యముతో చేరి, తన బాక్సునుండి వచ్చు స్వరపు అంచును మొద్దుబార్చును. ఒక స్పీకరును వెనుకకు త్రిప్పి, తగిన ఆలస్యముతోను విలోమదశతోను నడిపి, వేదికవైపు పోవు ధ్వనిని రద్దు చేయు పద్ధతి ఇప్పుడు పెద్ద సభలలో ప్రచారమున నున్నది.

పాదములచెంత వాలుగ పరుండు మానిటరు స్పీకరు గాయకునికి మేలు చేయునంతగ బేస్ వాదకునికి చేయదు; చెవిలో ఇమిడిపోవు మానిటరు మాత్రము కోణము, గోడ, గుడ్డ అను చిక్కులన్నిటిని ఒక్కసారిగ దాటించును. అయితే ఒడలికి తగులు కంపనము దానిలో లేదు. అందువలన కొందరు వాదకులు కాలిక్రింద కంపించు పలకను గాని, కూర్చుండు పీటకు అమర్చు కంపనయంత్రమును గాని తోడు తెచ్చుకొనుచున్నారు. కిన్నెర బుర్ర ఒడలికి ఆనియున్నందున అడుగకయే ఇచ్చుచుండిన దానిని, ఇప్పుడు వేరుగ కొని తెచ్చుకొనవలసి వచ్చినది.

చెవి రక్షణము ఈ విషయమునుండి వేరు చేయదగినది కాదు. దినమునకు 8 గంటలు 85 డెసిబెల్లులను చెవి ఓర్చుకొనునని వైద్యులు అంగీకరించిన హద్దు. ప్రతి 3 డెసిబెల్లుల పెరుగుదలకు ఓర్పుకాలము సగమగును, 100 డెసిబెల్లులవద్ద అది పావుగంట మాత్రమే. జాతర రాత్రులలో మూడేసి గంటలు వాయించు యువకుడు బాక్సును బల్లపైకి ఎక్కించి ఆరు డెసిబెల్లులు తగ్గించి వాయించగలిగెనేని, అతని చెవికి లభించు గడువు నాలుగింతలగును. కచేరీకి ముందు శ్రుతి చూచుకొను పావుగంటలో పొడవైన వైరు తగిలించుకొని, ఇ తీగను మీటుచు బాక్సునుండి అడుగడుగునకు వెనుకకు నడచి, స్వరపు అంచు ఎచ్చట తేటగా వినబడునో అచ్చట నేలపై సుద్దతో గీత గీయవలెను. పిదప ఆ గీత తాను నిలువదలచిన చోటికి వచ్చువరకు బాక్సును ఎత్తుచు, వాల్చుచు, త్రిప్పుచు పోవలెను.